పాత గడ్డ మీదికి ప్రత్యర్థి జెర్సీతో వచ్చినవాణ్ని తిట్టడం న్యాయమేనా?

పెన్నాతీరం (నెల్లూరు)
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఒక క్లబ్బులో పెరిగి, అక్కడే పేరు తెచ్చుకుని, తర్వాత ఆ క్లబ్బుకి అస్సలు పడని జట్టు జెర్సీ వేసుకుని తిరిగొచ్చిన ఆటగాడి మీద స్టేడియం మొత్తం విరుచుకుపడటం మనం చాలాసార్లు చూశాం. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆ కోపం నిజమైనదే, కానీ అది పడాల్సిన మనిషి మీద పడటం లేదు.

పోర్చుగల్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫిగో సంగతే తీసుకోండి. 2000 జూలైలో బార్సిలోనా వదిలి రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాడు. స్పెయిన్‌లో కాంట్రాక్టులోనే రిలీజ్ క్లాజ్ అని ఒక మొత్తం రాస్తారు. ఆ డబ్బు కట్టేస్తే క్లబ్బు ఆపడానికి వీల్లేదు. ఫిగోకి రాసింది 1000 కోట్ల పెసెటాలు, అంటే సుమారు 6 కోట్ల యూరోలు. అప్పటికి ప్రపంచ రికార్డు. మాడ్రిడ్ క్లబ్బు అధ్యక్ష ఎన్నికల్లో (అక్కడ క్లబ్బు సభ్యులే ఓట్లేస్తారు) నిలబడ్డ ఫ్లోరెంటినో పెరెజ్ ఫిగోని తెస్తానని, తేలేకపోతే సభ్యుల ఏడాది చందా తానే కడతానని మాటిచ్చాడు. ఏజెంటుతో ముందే కాగితం రాయించుకున్నాడు. సరిగ్గా అప్పుడే బార్సిలోనాలోనూ ఎన్నికలు. పాత అధ్యక్షుడు నున్యెజ్ దిగిపోయాడు, కొత్తగా గెలిచిన గాస్పార్ కుర్చీలో సర్దుకునేలోపే ఫిగో మాడ్రిడ్ జెర్సీతో ఫొటోలు దిగాడు.

అదే ఏడాది అక్టోబరు 21న బార్సిలోనా స్టేడియం కాంప్ నౌకి వచ్చినప్పుడు బంతి అతని కాలికి తగిలిందంటే చాలు, చెవులు చిల్లులు పడేలా ఈలలు. బార్సిలోనా 2-0తో గెలిచింది. 2002 నవంబరు 23న మళ్లీ వచ్చాడు. కార్నర్ కిక్ తీయడానికి వెళితే సీసాలు, నాణేలు, చివరికి పంది తల కూడా విసిరారు. రిఫరీ రెండు జట్లనూ లోపలికి పంపేసి పావుగంట దాకా ఆట ఆపాల్సి వచ్చింది.

క్లాజ్ రాసినవాళ్లు, ఎన్నికల కోసం బేరం పెట్టినవాళ్లు, ఆపలేకపోయినవాళ్లు అందరూ పైన వీఐపీ బాక్సులో కూర్చున్నారు. కింద కార్నర్ జెండా దగ్గర దొరికింది ఒక్కడే. మీరేమంటారు?


ఒంగోలు_నంబర్9
శనివారం, రాత్రి 9:40

నేను బార్సా (బార్సిలోనా) అభిమానిని. మీరు రాసిన వివరాల్లో తప్పు లేదు, కానీ ఒకటి వదిలేశారు. ఫిగో ఆ క్లబ్బుకి కెప్టెన్ స్థాయి మనిషి. ఎక్కడికీ వెళ్లనని వేసవిలో చెప్పినవాడు. బేరం పెట్టింది ఎవరైనా సంతకం పెట్టింది ఎవరు?

వస్తువులు విసరడాన్ని నేనూ ఒప్పుకోను. దానికి స్టేడియం మూసేయమని రెండు మ్యాచ్‌ల శిక్ష వేశారు, అప్పీళ్ల మీద అప్పీళ్లు వేసుకుంటూ పోయి చివరికి అమలు కాకుండా చేశారు. అదీ తప్పే. ఈల వేయడం మాత్రం తప్పు కాదు.


కావలి_కెరటం
శనివారం, రాత్రి 9:52

+1 నంబర్9 అన్నా. టికెట్ కొని వచ్చినవాడి చేతిలో ఇంకేం ఉంది? ఓటు లేదు, వాటా లేదు. గొంతు ఒక్కటే ఉంది. దాన్నీ మూసుకోమంటే ఎట్లా?


గన్నర్_దర్గామిట్ట
శనివారం, రాత్రి 10:05

ఇంగ్లండ్‌లో మా ఆర్సెనల్ వాళ్లకి ఈ విషయంలో రెండు వైపులా అనుభవం ఉంది. పోయినవాళ్లూ ఉన్నారు, వచ్చినవాళ్లూ ఉన్నారు.

సోల్ క్యాంప్‌బెల్ టోటెన్‌హామ్‌లో చిన్నప్పటినుంచి పెరిగి కెప్టెన్ అయ్యాడు. 2001లో కాంట్రాక్టు అయిపోగానే టోటెన్‌హామ్‌కి పైసా ఇవ్వకుండా మా దగ్గరికి వచ్చేశాడు. ఉత్తర లండన్‌లో ఈ రెండు క్లబ్బుల మధ్య ఉన్న పగ మీకు తెలుసు. 2001 నవంబరు 17న టోటెన్‌హామ్ స్టేడియం వైట్ హార్ట్ లేన్‌కి తిరిగి వెళ్లినప్పుడు స్టాండ్ల నిండా 'జూడాస్' (క్రీస్తుని పట్టిచ్చిన ద్రోహి) అని రాసిన అట్టలు. మ్యాచ్ 1-1. ఆ సీజన్‌లోనే లీగూ ఎఫ్ఏ కప్పూ రెండూ గెలిచాడు. 2004లో మేము ఓడకుండా లీగ్ గెలిచిన ఏడాది, టైటిల్ ఖాయమైంది కూడా అదే వైట్ హార్ట్ లేన్‌లో.

అప్పుడు మేమంతా 'అతని జీవితం, అతని ఇష్టం' అన్నాం. 2006లో యాష్లీ కోల్ చెల్సీకి పోతే ఆ మాట అనలేదు. డబ్బు కోసం పోయాడని అతని బొమ్మ వేసిన దొంగ నోట్లు ఊపాం. 2012లో వాన్ పెర్సీ మాంచెస్టర్ యునైటెడ్‌కి పోయి, ఆ ఏడే వాళ్లకి లీగ్ గెలిపించి, 2013 ఏప్రిల్ 28న మా స్టేడియం ఎమిరేట్స్‌కి వచ్చాడు. ఛాంపియన్లకి మర్యాదగా మా ఆటగాళ్లు రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొట్టాలి. ఆ వరస మధ్యలోంచి మా పాత కెప్టెన్ నడిచి వస్తున్నాడు. తట్టుకోవడం కష్టం సామీ. పెనాల్టీ గోల్ కూడా వేశాడు.


పెన్నాతీరం (నెల్లూరు)
శనివారం, రాత్రి 10:21

> పైసా ఇవ్వకుండా వచ్చేశాడు

ఇదే అసలు పాయింటు అన్నా. 1995 డిసెంబరు 15న బోస్మన్ కేసులో యూరప్ కోర్టు తీర్పు వచ్చేదాకా, కాంట్రాక్టు ముగిసినా కొత్త క్లబ్బు డబ్బు కడితే గానీ పాత క్లబ్బు వదిలేది కాదు. బోస్మన్ బెల్జియం ఆటగాడు. కాంట్రాక్టు అయిపోయింది, అక్కడి లీజ్ అనే ఊరి క్లబ్బు జీతం కోసేసింది, ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కి పోనివ్వలేదు. ఆ మనిషి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి ఈ హక్కు తెచ్చాడు. క్యాంప్‌బెల్ వాడుకున్నది ఆ హక్కునే. ఆటగాడు గొడ్డు కాదని కోర్టు చెప్పిన తర్వాత కూడా స్టాండ్లలో ఉన్నవాళ్లు అతన్ని క్లబ్బు సొత్తులాగే చూస్తున్నారు.


ఒంగోలు_నంబర్9
శనివారం, రాత్రి 10:38

గొడ్డు మాట మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నా. మా వైపు బండలాగుడు పందేలు చూసినవాళ్లకి తెలుసు. ఒక రైతు పేరు తెచ్చిన గిత్తను వేరే ఊరి ఆసామికి అమ్మేస్తాడు. వచ్చే ఏడు అదే గిత్త అదే తిరునాళ్లకి వేరే పేరు మీద వస్తుంది. జనం గిత్తను తిట్టరు. అమ్మినవాణ్ని పట్టుకుని 'ఎట్లా మనసొప్పిందయ్యా' అని అడుగుతారు. ఎందుకంటే గిత్తకి నోరు లేదు, సంతకం లేదు. మనిషికి రెండూ ఉన్నాయి. హక్కు ఉన్నవాడికి ఆ హక్కు వాడినందుకు వచ్చే మాట కూడా పడే బాధ్యత ఉంటుంది. ఫిగో ఆ మాట పడ్డాడు. నా లెక్కలో అతన్ని మనిషిగా గౌరవించినందుకే ఈల వేశారు.


దర్శి_డిఫెండర్
శనివారం, రాత్రి 10:50

నంబర్9 అన్నా, వాదన బాగుంది గానీ ఒక్క ప్రశ్న. ఆ 2000 అక్టోబరు మ్యాచ్‌లో బార్సాకి గోల్ వేసిన లూయిస్ ఎన్రికే ఎక్కడినుంచి వచ్చాడు? రియల్ మాడ్రిడ్ నుంచే కదా. 1996లో కాంట్రాక్టు ముగియగానే ఇటు దూకాడు. అతన్ని కాంప్ నౌ నెత్తిన పెట్టుకుంది, తర్వాత కోచ్‌ని కూడా చేసుకుంది. లాడ్రప్ 1994లో బార్సా నుంచి మాడ్రిడ్‌కి పోయాడు. 1994 జనవరిలో బార్సా 5-0తో మాడ్రిడ్‌ని కొట్టినప్పుడు ఇటు ఉన్నాడు, ఏడాది తిరిగేసరికి మాడ్రిడ్ 5-0తో బార్సాని కొట్టినప్పుడు అటు ఉన్నాడు. అతని మీద పంది తలలు పడలేదు.

సూత్రం ఒక్కటే అయితే ముగ్గురికీ ఒకేలా ఉండాలి.


ఒంగోలు_నంబర్9
శనివారం, రాత్రి 10:58

లాడ్రప్‌ని మా కోచ్ క్రైఫ్ పక్కన పెట్టాడు అక్కా. 1994 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి జట్టులోనే లేడు, మిలాన్ చేతిలో 4-0తో ఓడాం. బయటికి నెట్టినవాడు ఎక్కడికి పోతే ఏంటి? ఫిగోని ఎవరూ నెట్టలేదు. తేడా అదే.


కావలి_కెరటం
శనివారం, రాత్రి 11:06

ఇది నాకు నచ్చింది. ఎవరు పొమ్మన్నారు అనేదే చూడాలి. మన వార్నర్ సంగతి చూడండి. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చాడు. 2021లో కెప్టెన్సీ లాగేసి, జట్టులోంచి కూడా తీసేశారు. మరుసటి ఏడు ఢిల్లీ జెర్సీలో మన మీదే 92 నాటౌట్ కొట్టాడు. తెలుగువాళ్లలో ఒక్కడైనా అతన్ని తిట్టాడా? అందరూ మేనేజ్‌మెంట్‌నే తిట్టారు. 2023లో ఉప్పల్‌కి ఢిల్లీ కెప్టెన్‌గా వచ్చి భువనేశ్వర్ కాళ్లకి దండం పెడితే జనం మురిసిపోయారు.

అదే హార్దిక్ పాండ్యా గుజరాత్ వదిలి ముంబయి కెప్టెన్‌గా 2024 మార్చి 24న అహ్మదాబాద్ వస్తే అక్కడా గోల, తర్వాత వాంఖడేలోనూ గోల. పాత ఊరూ తిట్టింది, కొత్త ఊరూ తిట్టింది.


గన్నర్_దర్గామిట్ట
శనివారం, రాత్రి 11:11

అదే వాంఖడే జూలై 4న ప్రపంచకప్పు తెచ్చాక 'హార్దిక్ హార్దిక్' అని అరిచింది. మూడు నెలల తేడా అంతే.


పెన్నాతీరం (నెల్లూరు)
శనివారం, రాత్రి 11:19

చూశారా, వార్నర్ విషయంలో మనం సరిగ్గా చేశాం. తప్పు ఎవరిదో చూసి వాళ్లనే అడిగాం. నేను అడుగుతున్నదీ అదే. ప్రో కబడ్డీలో రాహుల్ చౌదరి మొదటి ఆరు సీజన్లూ తెలుగు టైటాన్స్‌కి ఆడి, తర్వాత వేలంలో తమిళ్ తలైవాస్‌కి వెళ్లాడు. బాధపడ్డాం గానీ అతన్ని ద్రోహి అనలేదు. వేలంలో ఆటగాడు ఎటు పోవాలో తేల్చుకునే వీలు లేదని అందరికీ తెలుసు కాబట్టి.

యూరప్ ఫుట్‌బాల్‌లో కూడా తెర వెనక చాలా సార్లు జరిగేది అదే. క్లబ్బుకి అప్పులు ఉంటాయి, అమ్మాలి. ఆటగాడే పోతానన్నాడని పేపర్లకి లీకులిస్తారు. జనం అదే నమ్ముతారు.


చీమకుర్తి_టు_కోల్‌కతా
ఆదివారం, ఉదయం 7:30

రాత్రంతా మీ చర్చ చదివాను. గ్రానైట్ పని మీద కోల్‌కతాలో చాలా కాలంగా ఉంటున్నాను. ఇక్కడి సంగతి చెప్తే మీకు పనికొస్తుంది.

మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మధ్య ఆటగాళ్లు మారడం వందేళ్లనుంచి ఉన్నదే. పాత రోజుల్లో ట్రాన్స్‌ఫర్ల సీజన్ వస్తే క్లబ్బు మనుషులు ఆటగాళ్లని రహస్యంగా ఎక్కడో దాచి, సంతకం పెట్టించే రోజున నేరుగా ఐఎఫ్ఏ (బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం) ఆఫీసుకి తీసుకెళ్లేవాళ్లట. పాతవాళ్లు ఇప్పటికీ కథలు కథలుగా చెప్తారు. 1985లో కృషాను దే, బికాష్ పాంజీ జంట మోహన్ బగాన్ నుంచి ఈస్ట్ బెంగాల్‌కి వెళితే ఊరంతా అదే మాట.

మన హైదరాబాద్ మనిషి మహమ్మద్ హబీబ్ గురించి చెప్పాలి. ఇక్కడ 'బడే మియా' అంటారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్, మూడింటికీ ఆడాడు. ఒక్కసారి పోయి ఊరుకోలేదు, అటూ ఇటూ మారాడు. 1977 సెప్టెంబరు 24న పీలే అమెరికా క్లబ్బు కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో హబీబ్ ఒకడు. మ్యాచ్ 2-2. తమ్ముడు అక్బర్ 1976 డెర్బీలో (మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌ని అలా అంటారు) 17 సెకన్లకే గోల్ వేశాడు.

2023 ఆగస్టు 15న హబీబ్ చనిపోయినప్పుడు రెండు క్లబ్బుల అభిమానులూ తమవాడే అన్నారు. నా పక్క సీటు ఆయన పచ్చి ఈస్ట్ బెంగాల్ మనిషి. ఆ రోజు నాతో అన్న మాట, 'ఏ జెర్సీ వేసుకుంటే ఆ జెర్సీకి ప్రాణం పెట్టాడు, ఇంకేం కావాలి' అని. అందుకే నా ఉద్దేశంలో జనం క్షమించనిది వెళ్లిపోవడాన్ని కాదు. ఉన్నన్నాళ్లూ మనసు పెట్టలేదని, లేదా వెళ్తూ అబద్ధం ఆడాడని అనిపిస్తే క్షమించరు.

ఇంకో సంగతి కూడా ఈ ఊరే నేర్పింది. 1980 ఆగస్టు 16న ఇదే డెర్బీలో, ఈడెన్‌లో, గొడవ పెరిగి తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. మ్యాచ్ చూడటానికి ఇంట్లోంచి బయల్దేరిన కుర్రాళ్లు. ఈల దగ్గర మొదలైన కోపం ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.


సింగరాయకొండ_మాస్టారు
ఆదివారం, ఉదయం 8:45

నేను పీఈటీని, జిల్లా స్థాయి మ్యాచ్‌లకి రిఫరీగా కూడా వెళ్తుంటాను. యూరప్ సంగతులు మీకే బాగా తెలుసు. నేను చూసింది ఒకటి చెప్తాను. ఊరి పేరు, జట్ల పేర్లు అడగొద్దు.

ఒక కుర్రవాడు స్కూల్ రోజులనుంచి తన ఊరి జట్టుకి లెఫ్ట్ బ్యాక్‌గా ఆడేవాడు. స్టడ్స్ (ఫుట్‌బాల్ బూట్లు) చిరిగిపోతే మేకులు బయటికొచ్చి మడమ గీరుకుపోయేది, ప్లాస్టర్ వేసుకుని ఆడేవాడు. పక్క ఊరి జట్టువాళ్లు కొత్త స్టడ్స్ కొనిచ్చి, ప్రాక్టీసుకి వచ్చిపోయే బస్సు ఛార్జీలు ఇస్తామంటే వెళ్లాడు. మరుసటి టోర్నమెంటుకి ఆ జెర్సీలో సొంత ఊరి గ్రౌండుకే వచ్చాడు.

మన గ్రౌండ్లలో స్టాండ్లు ఉండవు. గీతకి రెండడుగుల అవతలే జనం. గీత దాటిన బంతిని చేతులతో లోపలికి త్రో వేయడానికి ఆ కుర్రవాడు గీత దగ్గరికి వస్తే చెవిలో అరిచినట్టే. అమ్ముడుపోయినోడా అన్నారు, అక్కడితో ఆగలేదు, తల్లిని అన్నారు. ఆ తల్లి వేపచెట్టు కింద కూర్చుని ఉంది. నీళ్ల ప్యాకెట్లు కొరికి అతని వీపు మీదికి చిమ్మారు. చేతులు వణికి, వెనక కాలు పైకి లేచి త్రో వేశాడు. నేను ఫౌల్ త్రో ఇవ్వాల్సి వచ్చింది. దానికి కూడా చప్పట్లు కొట్టారు.

ఆట ఆపేశాను. రెండు జట్ల కెప్టెన్లనూ పిలిచి, జనం గీతకి పది అడుగులు వెనక్కి పోకపోతే మ్యాచ్ రద్దు చేస్తానని చెప్పాను. సొంత ఊరి జట్టు కెప్టెనే పోయి అందర్నీ వెనక్కి నెట్టాడు. ఆ కుర్రవాడితో కలిసి పెరిగినవాడు అతను.

ఆ రోజు తిట్టినవాళ్లలో ఒక్కరు కూడా జట్టుకి స్టడ్స్ కొనడానికి చందా ఇచ్చినవాళ్లు కాదు. ఇది నేను ఖచ్చితంగా చెప్పగలను, చందాల పుస్తకం నేనూ చూశాను.


దర్శి_డిఫెండర్
ఆదివారం, ఉదయం 9:02

మాస్టారూ, చదువుతుంటే కడుపు మండిపోయింది. నేను స్కూల్ జట్టుకి ఆడినప్పుడు గీత పక్కన ఏమేం వినేవాళ్లమో నాకు తెలుసు. క్రికెట్‌లో ఆటగాడికి జనానికి మధ్య చాలా దూరం. ఇక్కడ ప్రతి మాటా వినపడుతుంది, అన్నవాడి మొహం కూడా కనపడుతుంది.

ఒకటి అడగాలి. రూల్స్ ప్రకారం మీరు ఎంతవరకు చేయగలరు?


సింగరాయకొండ_మాస్టారు
ఆదివారం, ఉదయం 9:20

ఫుట్‌బాల్ 5వ రూలు ప్రకారం బయటి జోక్యం ఏదున్నా ఆట ఆపవచ్చు, కాసేపు వాయిదా వేయవచ్చు, పూర్తిగా రద్దు చేయవచ్చు. జనం విసిరిన వస్తువు ఆటగాడికో రిఫరీకో తగిలితే ఏం చేయాలో, దెబ్బ ఎంత తీవ్రమో చూసి రిఫరీ తేల్చాలి.

ఆటగాడికీ హద్దు ఉంది. 12వ రూలులో రాసి ఉంది. గోల్ వేశాక జనాన్ని రెచ్చగొట్టేలా ప్రవర్తిస్తే, గొడవ అయ్యేలా వాళ్ల దగ్గరికి పోతే, చొక్కా విప్పితే పసుపు కార్డు. ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నిప్పు రెండు వైపులనుంచీ పుట్టొచ్చు.


గన్నర్_దర్గామిట్ట
ఆదివారం, ఉదయం 9:41

అడెబయోర్! మాస్టారు చెప్పగానే గుర్తొచ్చింది. 2009లో మా దగ్గరినుంచి మాంచెస్టర్ సిటీకి పోయాడు. సెప్టెంబరు 12న మా మీద గోల్ వేసి, ఆ చివరనుంచి ఈ చివరకి గ్రౌండంతా పరిగెత్తుకుంటూ వచ్చి మా అభిమానుల ముందు మోకాళ్ల మీద జారాడు. స్టాండ్లలోంచి కుర్చీలు, సీసాలు ఎగిరాయి. జనాన్ని అదుపు చేసే ఒక స్టీవార్డు తల మీద దెబ్బ తగిలి స్పృహ తప్పాడు. సిటీ 4-2తో గెలిచింది. అదే మ్యాచ్‌లో వాన్ పెర్సీ మొహం మీద తొక్కినందుకు మూడు మ్యాచ్‌ల నిషేధం, ఆ సంబరానికి 25,000 పౌండ్ల జరిమానా.

మ్యాచ్ అంతా అతన్ని మావాళ్లు ఏమేం అన్నారో కూడా నాకు తెలుసు. కానీ దెబ్బ తిన్నది ఎవరు? రోజు కూలికి వచ్చిన స్టీవార్డు.


కావలి_కెరటం
ఆదివారం, ఉదయం 9:55

క్యాంప్‌బెల్ విషయంలోనూ హద్దు దాటారు కదా. 2008లో అతను పోర్ట్స్‌మౌత్‌కి ఆడుతుంటే స్పర్స్ (టోటెన్‌హామ్) అభిమానులు పాడిన నీచమైన పాటల మీద పోలీసులు కేసులు పెట్టారు. కొందరిని స్టేడియాల్లోకి రాకుండా నిషేధించారు. వెళ్లిపోయి ఏడేళ్లు అయినా వదల్లేదు. నేను గొంతు హక్కు గురించి మాట్లాడాను, దానికి ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. కానీ అందులో రంగు, పుట్టుక, తల్లి, పిల్లలు ఉండకూడదు. మాస్టారు చెప్పిన ఆ కుర్రవాడికి జరిగింది ఈల కాదు, దాడి.


ఒంగోలు_నంబర్9
ఆదివారం, ఉదయం 10:30

అందరూ చెడ్డవే చెప్తున్నారు. ఇటలీ ఆటగాడు బాజ్జో గురించి ఎవరూ రాయలేదు.

1990లో ఫియోరెంటీనా అతన్ని జువెంటస్‌కి అమ్మేసింది. ఫ్లోరెన్స్ వీధుల్లో అల్లర్లు జరిగాయి, జనం గాయపడ్డారు. అక్కడ జనం కోపం మొదట పోయింది క్లబ్బు యజమాని మీదికే. ఇది పెన్నాతీరం అన్న వాదనకి సాక్ష్యం. 1991 ఏప్రిల్ 6న జువెంటస్ జెర్సీలో ఫ్లోరెన్స్‌కి వచ్చాడు. జువెంటస్‌కి పెనాల్టీ వచ్చింది. జట్టు పెనాల్టీలు తీసేది అతనే, కానీ తీయనన్నాడు. ఫియోరెంటీనా గోల్‌కీపర్ మరెజ్జీనికి తన అలవాట్లన్నీ తెలుసని తర్వాత కారణం చెప్పాడు. దె అగొస్తీని తీశాడు, మరెజ్జీని ఆపేశాడు. ఫియోరెంటీనా 1-0తో గెలిచింది. బాజ్జోని మార్చి బయటికి తీసుకెళ్తుంటే స్టాండ్లలోంచి ఎవరో ఊదారంగు కండువా విసిరారు. వంగి తీసుకున్నాడు.

జువెంటస్ వాళ్లకి అది నచ్చలేదు. జీతం ఇచ్చేది వాళ్లు కాబట్టి వాళ్ల బాధా న్యాయమే. కానీ ఫ్లోరెన్స్ దృష్టిలో అతనెప్పుడూ ద్రోహి కాలేదు.


గన్నర్_దర్గామిట్ట
ఆదివారం, ఉదయం 10:44

బాటిస్టుటాని కూడా కలపండి. తొమ్మిదేళ్లు ఫియోరెంటీనాకి ఆడి 2000లో రోమాకి వెళ్లాడు. పాత జట్టు మీద గెలుపు గోల్ కొట్టి ఏడ్చేశాడు. 2014 సెప్టెంబరు 21న చెల్సీ పాత ఆటగాడు లాంపార్డ్ మాంచెస్టర్ సిటీ జెర్సీలో చెల్సీ మీద 85వ నిమిషంలో సమం చేసే గోల్ కొట్టాడు. సంబరం చేసుకోలేదు. చెల్సీ అభిమానులు చప్పట్లు కొట్టారు. గెలుపు చేజారినా కొట్టారు.


చీమకుర్తి_టు_కోల్‌కతా
ఆదివారం, ఉదయం 11:15

సంబరం చేసుకోకపోవడం కూడా కొంతమంది నటన అంటారు. నాకు అలా అనిపించదు. పాత ఊరి జనం ముందు గొంతు పైకి లేవకపోవడం చాలామందికి నిజంగానే జరుగుతుంది. నిరుడు 2025 ఏప్రిల్ 2న మన సిరాజ్ ఏడేళ్లు ఆడిన బెంగళూరుకి గుజరాత్ జెర్సీలో వచ్చాడు. బంతి చేతికి తీసుకున్నప్పుడు అతని మొహం చూసినవాళ్లకి తెలుస్తుంది. 19 పరుగులకి 3 వికెట్లు తీశాడు, అది వేరే సంగతి.


దర్శి_డిఫెండర్
ఆదివారం, మధ్యాహ్నం 12:20

అలెగ్జాండర్-ఆర్నాల్డ్ విషయం ఏమంటారు? లివర్‌పూల్‌లో పుట్టాడు, ఆరేళ్ల వయసునుంచి ఆ క్లబ్బే. 2025లో కాంట్రాక్టు ముగించుకుని వెళ్లిపోతున్నానని చెప్పాక (రియల్ మాడ్రిడ్‌కేనని అందరూ అనుకున్నారు, అక్కడికే వెళ్లాడు), మే 11న ఆర్సెనల్ మీద మ్యాచ్‌లో ఇంకా లివర్‌పూల్ జెర్సీలో ఉండగానే సొంత స్టేడియం యాన్‌ఫీల్డ్ అతని మీద ఈలలు వేసింది. మాడ్రిడ్ ఇంగ్లండ్ క్లబ్బు కూడా కాదు, పక్కింటి పగ అసలే లేదు. అంటే ఎక్కడికి పోయాడన్నది కూడా కాదు అసలు బాధ. మనవాడు అనుకున్నవాడు మనల్ని వద్దనుకున్నాడు అన్నదే బాధ. మరి ఆ బాధని నేను తప్పు పట్టలేను.


పెన్నాతీరం (నెల్లూరు)
ఆదివారం, మధ్యాహ్నం 1:05

నేనూ తప్పు పట్టను అక్కా. బాధ ఉండకూడదని ఎవరంటారు? ఆ బాధతో ఏం చేస్తున్నాం అన్నదే నా ప్రశ్న.

బార్సిలోనా కథకి ఇంకో భాగం ఉంది. ఫిగో డబ్బు చేతికి రాగానే గాస్పార్ దాన్ని ఎడాపెడా ఖర్చుపెట్టాడు. వచ్చినవాళ్లెవరూ ఆ ఖాళీ నింపలేదు. పంది తల పడిన ఆ సీజన్‌లోనే జట్టు పాయింట్ల పట్టికలో దిగజారింది. అప్పుడు కాంప్ నౌలో జనం అధ్యక్షుడు కూర్చునే వైపు తిరిగి తెల్ల రుమాళ్లు ఊపారు, స్పెయిన్‌లో అది నిరసనకి గుర్తు. 2003 ఫిబ్రవరిలో గాస్పార్ రాజీనామా చేశాడు. జూన్‌లో సభ్యులు ఓట్లేసి లాపోర్టాని తెచ్చుకున్నారు, ఆ వేసవిలోనే రొనాల్డినో వచ్చాడు. కార్నర్ జెండా వైపు విసిరిన సీసాలతో క్లబ్బులో ఏమీ మారలేదు. రుమాళ్లు ఊపాక మారింది. అదే జనం, అదే గొంతు. తిప్పాల్సిన వైపుకి తిప్పారు.


ఒంగోలు_నంబర్9
ఆదివారం, మధ్యాహ్నం 1:22

ఇది ఒప్పుకుంటాను. అయినా ఫిగో రేపు మళ్లీ ఆడితే నేను ఈల వేస్తాను, ఇదీ రాసుకోండి. రెండూ చేయొచ్చు.


కావలి_కెరటం
ఆదివారం, మధ్యాహ్నం 1:40

బార్సా సభ్యులకి ఓటుంది అన్నా. మనకి ఎవరున్నారు? హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి చూడండి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో కొట్టి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఫుట్‌బాల్‌లో మన తెలుగువాళ్లకి ఒక జట్టుందని గర్వంగా చెప్పుకున్నాం. ఆ తర్వాత జీతాలు అందలేదని ఆటగాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది.

ఆటగాడు పోతే తిట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. క్లబ్బే జెర్సీ మార్చుకుని పోతే ఎవరి మీద ఈల వేయాలి? ఒక్క అభిమానిని అడిగారా? ఆ 2022 జట్టులో ఆడినవాళ్లు ఇప్పుడు దేశమంతా వేర్వేరు క్లబ్బుల్లో ఉన్నారు. వాళ్లలో ఎవరు ఏ రంగు వేసుకుని కనపడ్డా నేను చప్పట్లే కొడతాను.


చీమకుర్తి_టు_కోల్‌కతా
ఆదివారం, మధ్యాహ్నం 2:10

కావలి తమ్ముడూ, ఢిల్లీ జట్టు కోల్‌కతాకి మ్యాచ్‌కి వచ్చినప్పుడు వెళ్లాలని ఉంది. ఒక అట్ట పట్టుకుని వెళ్తాను. ఆటగాళ్ల మీద ఒక్క మాట కూడా ఉండదు. యజమానులని అడిగే ప్రశ్న రాస్తాను, తెలుగులోనే. ఏం రాయాలో మీరందరూ చెప్పండి.


సింగరాయకొండ_మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 2:35

'మా జట్టుని అమ్మేముందు మమ్మల్ని ఎందుకు అడగలేదు?' అని రాయండి. పెద్ద అక్షరాలతో.